ఆపత్సహాయము - గోడమీది జాబితా

(సూరతు నగరమున రింగు రోడ్డునందు జరిగిన తెలుగు ఉద్యోగుల సాంస్కృతిక సభలో చదువబడిన ప్రసంగ పాఠము)



సాంస్కృతిక సంఘ సభలో రైతుల నష్టపరిహారమును గూర్చిన ప్రసంగమేమిటని కొందరికి తోచవచ్చును. పద్యపఠనము, హరికథ, పిల్లల నాటిక ఉండవలసిన చోట తాసిల్దారుగారి జాబితాలకు ఏమి పని? కాని ఈ సభ జరుగుచున్న తావును ఒకమారు తలచుకొన్నచో ఆ సందేహము తీరును. మజూరా గేటు మొదలు ఉధనా దర్వాజా, మాన్ దర్వాజా, సహారా దర్వాజాల మీదుగా సాగు ఈ రింగు రోడ్డున కిరువైపుల నున్న బట్టల బజారులు దేశమంతట పేరొందినవి. ఆ అంగళ్లకు చేరు బట్టలో కొంత తెలుగువారు నేసినదే. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతములనుండి తరలివచ్చిన పద్మశాలి కుటుంబములు లింబాయతు, ఉధనా పేటలలో మరమగ్గములమీద బ్రతుకుచున్నవి. వారిలో అనేకులకు స్వగ్రామమున ఎకరమో రెండెకరములో చెల్క కలదు. తమకు లేకున్న అన్నదమ్ములకు కలదు. ఇక కేంద్ర ప్రభుత్వోద్యోగులలో పొలము పుట్ర బొత్తిగా ఎరుగని కుటుంబము అరుదు. కావున అక్కడ వడగండ్లు పడిన వార్త సాయంకాలమునకే ఇక్కడికి వచ్చును. కొన్ని వారములు గడచిన పిదప దాని వెనుకనే ఒక ప్రశ్నయు వచ్చును: "మనవాళ్ల పేరు జాబితాలో ఎక్కిందా?"

ఈ ప్రసంగమంతయు ఆ ప్రశ్నను గూర్చియే.

ఆపత్కాలమున సర్కారు సేద్యగానిని ఆదుకొనవలెనను ధర్మము ప్రాచీనమైనది. ఆదుకొన్న లెక్కను ఊరివారి ముందు విప్పి చూపవలెననుట మాత్రము ఇటీవలి మాట. నడుమ జరిగినది పెద్ద కథ. 1832-33లో గుంటూరు సీమను దహించిన నందన కరువును తెలుగు పెద్దలు తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిరి. ఆనాడు కంపెనీ కొలువులో నుండిన సి. పి. బ్రౌను దొర ఆ విపత్తును 'క్షామము' అని వ్రాసెననియు, పైవారికి 'కొరత' అను మాటయే రుచించెననియు, ఆ విభేదము ఆయన ఉద్యోగమునకు చేటు తెచ్చిన కారణములలో నొకటియనియు ఆయన జీవితమును పరిశీలించినవారు చెప్పుదురు. వేమన పద్యములను అచ్చొత్తించిన బ్రౌనును ఎరిగినవారు ఈ బ్రౌనును అంతగా ఎరుగరు. ఒక మాటకు బదులు మరియొక మాట వ్రాసిన మాత్రమున ఏమగునని అనుకొనరాదు. కచేరీ కాగితములలో మాటకు వెల కలదు. 'కొరత' అన్నచో శిస్తు వసూలు సాగిపోవును. 'క్షామము' అన్నచో ఖజానా తలుపు తీయవలసి వచ్చును. నేటికిని ఒక మండలమును కరువు మండలముగా ప్రకటించుటయా మానుటయా అను చోట జరుగునది ఆ తగవే.

1876-78 నాటి ధాత కరువులో మదరాసు, మైసూరు, బొంబాయి, హైదరాబాదు సీమలయందు లక్షలకొలది జనము నశించిరి. సహాయపు పనులలో మట్టి మోయు కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము చాలునని సర్ రిచర్డు టెంపిలు నిర్ణయించెను. మదరాసు ఆరోగ్యాధికారి కార్నిషు అది ప్రాణము నిలుపదని వాదించెను. ఇరువురి వాదములును కాగితముమీదికి ఎక్కి అచ్చుపడినందుననే ఎవరి మాట ఎట్టిదో తరువాతివారు తెలిసికొనగలిగిరి. ఆ మహా క్షామము పిమ్మట 1880లో క్షామ సంఘపు నివేదిక, 1883లో క్షామ నియమావళి వెలువడెను. 1884 చట్టము క్రింద రైతులకు తక్కావి అప్పులు వచ్చినవి. ఇవన్నియు అధికారి తన పైయధికారికి జవాబు చెప్పుకొను ఏర్పాటులు. ఊరివారికి జవాబు చెప్పవలసిన సెక్షను వాటిలో నొక్కటియు లేదు.

సూరతులో నుండి ఈ విషయమును ప్రస్తావించునపుడు ఖేడాను, బార్డోలీని దాటిపోవ వలనుపడదు. ఖేడా జిల్లాలో 1917వ సంవత్సరపు అతివృష్టికి పైరులు చెడెను. నాటి నిబంధన ప్రకారము పంట నాలుగణాలకు, అనగా నిండు పంటలో నాలుగవ వంతునకు, మించనియెడల ఆ యేటి శిస్తు వసూలును పూర్తిగా నిలుపుమని రైతులు కోరవచ్చును. నిబంధన విషయమున ఎవరికిని తగవు లేదు. తగవంతయు అణాల లెక్కలో నుండెను. పంట నాలుగణాలకు లోపని రైతులనిరి. అంతకు మించినదని అధికారులనిరి. అధికారి అంచనా ఏ పొలమున, ఏ దినమున, ఎవరి ఎదుట వేయబడెనో రైతునకు తెలియు దారి లేదు. గాంధీజీ అనుచరులు ఊరూర తిరిగి విచారించిరి. నిష్పక్షపాతమైన విచారణ జరిపింపుడని కోరగా సర్కారు సమ్మతింపలేదు. 1918 మార్చిలో సత్యాగ్రహము మొదలయ్యెను. తుదకు కలిగినవారు చెల్లించినచో పేదలకు వసూలు నిలుపుదుమని అధికారులు దిగివచ్చిరి. లోకము దానిని విజయమని కొనియాడినను గాంధీజీ తన ఆత్మకథలో అంతగా సంతసింపలేదు. పేద ఎవడో నిర్ణయించు హక్కు ప్రజలదై యుండియు వారు దానిని వినియోగించుకొనజాలకపోయిరని ఆయన వగచెను. లబ్ధిదారుల ఎంపికను గూర్చి తరువాత వెలువడిన ఎన్నో నివేదికలకంటె ఆ వగపులోనే ఎక్కువ విషయము కలదు.

పదేండ్ల తరువాతిది బార్డోలీ. ఈ రింగు రోడ్డునుండి ముప్పది కిలోమీటర్లకు పైబడిన దూరము. అక్కడి శిస్తును దాదాపు నూటికి 22 వంతులు పెంచగా, 1928లో వల్లభాయి పటేలు నాయకత్వమున రైతులు చెల్లింపు నిలిపిరి. వారి కోరిక శిస్తు తగ్గింపుడని మాత్రమే కాదు. ఏ లెక్కమీద పెంచితిరో బహిరంగముగా విచారింపుడని. విచారణకు నియమింపబడిన ఇరువురు అధికారులలో బ్రూమ్‌ఫీల్డు అనునాయన 1922లో గాంధీజీకి ఆరేండ్ల శిక్ష విధించిన న్యాయాధిపతియే, రెండవవాడు మాక్స్‌వెల్లు. వారు గ్రామములకు పోయి, రైతుల వాదము విని, కౌలు లెక్కలను తిరగవేసి చూచిరి. పెంపునకు ఆధారముగా చూపిన కౌలు లెక్కల పరిశీలన సరిగా జరుగలేదని తేలెను. 22 ఉండవలసిన చోట 6.03 చాలునని 1929లో నివేదిక నిచ్చిరి. తలుపు మూసి వేసిన లెక్కకును, తలుపు తెరచి వేసిన లెక్కకును గల భేదము ఇంత స్పష్టముగా అంకెలలో కానవచ్చు సందర్భము చరిత్రలో అరుదు. సర్దారు పేరు అందరును తలంతురు, ఈ 6.03 అను అంకెను తలంచువారు లేరు.

ఇక నేటి వ్యవస్థకు వత్తము. 1990 మొదలు రాష్ట్రములకు విపత్తు సహాయ నిధి యొకటి ఏర్పడెను. 2005 విపత్తు నిర్వహణ చట్టము వచ్చిన పిదప అది రాష్ట్ర విపత్తు స్పందన నిధిగా మారెను. పెక్కు రాష్ట్రములకు ఇందు కేంద్రము నూటికి 75 వంతులు, రాష్ట్రము 25 వంతులు వేయును. పైరు నష్టపోయిన రైతునకు ఈ నిధినుండి ఇచ్చుదానిని తెలుగునాట ఇన్‌పుట్ సబ్సిడీ అందురు. 2022-26 కాలమునకు కేంద్రము నిర్ణయించిన రేటు హెక్టారునకు వర్షాధారమునకు 8,500 రూపాయలు, నీటిపారుదల గల భూమికి 17,000, తోటలవంటి బహువార్షిక పంటలకు 22,500. ఎంత భూమియున్నను రెండు హెక్టార్లకు మించి ఈయరు. ఎకరముల లెక్కకు మార్చినచో వానమీద ఆధారపడిన వేరుశనగ రైతునకు ఎకరమునకు 3,440 రూపాయలు. విత్తనము, దుక్కి, ఎరువు, కూలి పెట్టిన రైతునకు ఈ సొమ్ము ఏమూలకని అడుగుట న్యాయమే. అందుచేతనే రాష్ట్రములు పైన కొంత చేర్చుచుండును. 2023 మార్చిలో వడగండ్ల వాన పిమ్మట తెలంగాణ ప్రభుత్వము ఎకరమునకు 10,000 రూపాయలు ప్రకటించెను. 2025 నవంబరులో అకాల వర్షములకు గుజరాతు ప్రభుత్వము 10,000 కోట్ల రూపాయల సహాయమును ప్రకటించి, హెక్టారునకు 22,000 చొప్పున రెండు హెక్టార్లవరకు ఇత్తుమనెను.

రేటు ఎంతయైనను అది గెజిటులో నుండును, పత్రికలలో వచ్చును. అందు దాపరికమునకు చోటు లేదు. చోటున్నది మరియొక చోట. పైరు నూటికి 33 వంతులు లేక అంతకు మించి నష్టపోయిననే సహాయమునకు అర్హత. 2015కు పూర్వము ఈ గీత 50 వంతులకడ నుండెను. దానిని తగ్గించుట మంచి పనియే. కాని గీత ఎక్కడ గీచినను గీత గీతయే. 32 వంతులు పోయినవానికి కాసు లేదు. 33 వంతులు పోయినవానికి నిండు సహాయము. ఆ ఒక్క వంతును ఎవరు చూతురు? గాలికి ఒరిగిన వరిచేను గట్టుమీద నిలిచి, ఒక చిన్న ఉద్యోగి, దినమునకు పదుల కమతములు చూడవలసినవాడు, కంటి అంచనాతో ఒక అంకె వేయును. అతడు దుర్మార్గుడు కానక్కరలేదు. అలసినవాడైనను చాలును. ఆ అంకె మండలమునకు పోయి కూడికలో కలియును. మండలముల కూడిక జిల్లాకు, జిల్లాల కూడిక రాజధానికి, అచటినుండి ఢిల్లీకి పోవును. కేంద్ర బృందము విమానము దిగి చూచునప్పటికి అది కోట్ల రూపాయల పట్టికగా మారియుండును. కచేరీలలో పనిచేయువారికి చెప్పనక్కరలేని మాట యొకటి కలదు: పైకెక్కిన జాబితా క్రిందికి దిగి రాదు. మంజూరైన పిదప ఒక పేరు చేర్చవలెనన్న మరల మొదటినుండి ఫైలు నడువవలెను. ఒక పేరు తీసివేయవలెనన్న వసూలు నోటీసు, దానికి రైతు కోర్టు వ్యాజ్యము.

కావున జాబితాను బహిరంగపరచుట అను మాటలో ముఖ్యమైనది ఎప్పుడు అనునది. సొమ్ము పంచిన పిమ్మట అచ్చువేసిన జాబితా చరిత్రకారునికి పనికివచ్చును. మంజూరునకు ముందు, అభ్యంతరములు చెప్పుకొనుటకు గడువిచ్చి, ఊరి నడుమ గోడకు అంటించిన జాబితా రైతునకు పనికివచ్చును. పొలమును పొలముగా ఎరిగినది ఊరే. సర్వే నంబరు 114లో ఆ యేడు విత్తనమే పడలేదని తాసిల్దారునకు తెలియదు. ప్రక్క చేనివానికి తెలియును. గట్టు అవతల పొలము 60 వంతులు పోగా 20 వంతులని వ్రాసిన సంగతియు వానికే తెలియును. ఇంత చవుకయైన ఆడిటరు మరియొకడు దొరకడు. అతనికి భత్యము లేదు, బస లేదు.

ఈ సత్యమును దేశమునకు నేర్పినది రాజస్థానములోని కూలివారు. అరుణా రాయ్ మున్నగువారు 1990లో నెలకొల్పిన మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1994 డిసెంబరులో పాలీ జిల్లా కోట్ కిరానా గ్రామమున మొదటి జన విచారణ జరిపెను. కరువు పనుల మస్టరు రోల్లను ఊరి నడుమ బిగ్గరగా చదివిరి. చేయని పనికి కూలి పుచ్చుకొన్నట్లు తమ పేర్లుండుట విని జనము నివ్వెరపోయిరి. 1996లో బ్యావరు పట్టణమున నలుబది దినముల ధర్నా జరిగెను. ఆ దారిలోనే 2005 సమాచార హక్కు చట్టము వచ్చి అక్టోబరు 12న అమలులోకి వచ్చెను. ఈ చట్టమనగానే అందరికిని దరఖాస్తులు, 30 దినముల గడువు జ్ఞప్తికి వచ్చును. దాని ప్రాణము నిజమునకు 4వ సెక్షనులో నున్నది. సబ్సిడీ కార్యక్రమములు నడుపు విధమును, కేటాయించిన మొత్తములను, లబ్ధిదారుల వివరములను ఎవ్వరును అడుగకముందే కార్యాలయము తానై ప్రకటింపవలెనని ఆ సెక్షను శాసించుచున్నది. చట్టము వచ్చి ఇరువదేండ్లు దాటినను చాల కచేరీల గోడలకు ఈ సెక్షను ఇంకను అందలేదు.

తెలుగునాట ఈ విషయమున గర్వింపదగిన చరిత్ర కొంత కలదు. 2006 ఫిబ్రవరి 2న గ్రామీణ ఉపాధి హామీ పథకము అనంతపురము జిల్లా బండ్లపల్లిలో ప్రారంభింపబడెను. ఆ యేడే ఆ జిల్లాలో సామాజిక తనిఖీలు జరిగెను. 2009లో ఆ పనికై హైదరాబాదులో ఒక ప్రత్యేక సంస్థ వెలసెను. చదువుకొన్న పల్లె యువకులు మస్టర్లు పట్టుకొని ఇంటింటికి పోయి, ఎన్ని దినములు పని చేసితివి, ఎంత ముట్టినదని అడిగి, మండల సభలో అందరి ఎదుట చదివిరి. ఉపాధి హామీ చట్టమే అట్టి తనిఖీని విధించినందున అది సాగినది. పైరు నష్టపు సహాయమునకు అట్టి విధాయకము లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ నమోదు ప్రకారము జాబితాలు తయారుచేసి, రైతు భరోసా కేంద్రములందు ప్రదర్శించి, అభ్యంతరములు పుచ్చుకొనిన పిదప చెల్లించు పద్ధతి కొంతకాలము నడచెను. 2024 తరువాత ఆ కేంద్రములు రైతు సేవా కేంద్రములైనవి. ఇట్టిది ప్రభుత్వోత్తర్వుగా నుండుట యొకటి, శాసనముగా నుండుట మరియొకటి. ఉత్తర్వును మరియొక ఉత్తర్వు త్రోసివేయును. మేఘాలయ రాష్ట్రము 2017లో సామాజిక తనిఖీకి ప్రత్యేక శాసనమునే చేసెను. చిన్న రాష్ట్రము చూపిన ఆ దారిని పెద్దవి అనుసరింపకుండుట విచారకరము.

జాబితాను మూసి ఉంచిన ఏమగునో పి.ఎం. కిసాన్ పథకము చాటెను. 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైన ఈ పథకము విపత్తు సహాయము కాదు. ఏటికి 6,000 రూపాయల పెట్టుబడి సాయము. ఆదాయపు పన్ను చెల్లించువారు, నాలుగవ తరగతివారు మినహా ప్రభుత్వోద్యోగులు, 10,000కు తక్కువ కాని పింఛను పొందువారు దీనికి అర్హులు కారు. అనగా ఈ సభలోనివారు చాలమట్టుకు అర్హులు కారు. ఇంటిలో ఎవరి పేరైన పొరపాటున చేరియున్నదేమో చూచుకొనుట మంచిది. 2021 జనవరిలో కామన్‌వెల్త్ మానవ హక్కుల సంస్థకు చెందిన కార్యకర్త ఒకరు సమాచార హక్కు క్రింద రాబట్టిన లెక్క ప్రకారము 20 లక్షలకు పైబడిన అనర్హులకు దాదాపు 1,364 కోట్ల రూపాయలు చేరినవి. వారిలో సగమునకు మించినవారు ఆదాయపు పన్ను చెల్లించువారే. మజూరా గేటువద్ద నున్న ఆదాయపు పన్ను భవనమున పనిచేయు మిత్రులకు ఇది వినోదము కలిగింపవచ్చును: ఒక శాఖ రిజిస్టరులో పన్ను కట్టు ఆసామి, మరియొక శాఖ రిజిస్టరులో పేద రైతు. ఆ యేడు జూలైలో ప్రభుత్వము పార్లమెంటునకు చెప్పిన అంకె ఇంకను పెద్దది: 42 లక్షలమంది, 2,992 కోట్లు. 2020లో తమిళనాడున కొన్ని లక్షల దొంగ నమోదులు బయటపడెను. ఆధారు, బ్యాంకు ఖాతా, కంప్యూటరు ఇన్ని యుండియు ఇట్లేల జరిగెను? యంత్రము సొమ్ము చేరిన మనిషి ఉన్నాడా లేడా అని మాత్రమే చూచును. వాడు రైతా కాడా అని చూడవలసినది ఊరు. ఆ ఊరిని ఎవ్వరును అడుగలేదు.

తెలంగాణలో 2018 మే 10న హుజూరాబాదున మొదలైన రైతుబంధు పథకము ఎకరమునకు పంటకు 4,000 రూపాయలతో ఆరంభమై తరువాత 5,000కు పెరిగెను. దానికి భూపరిమితి లేకుండెను, పట్టా పుస్తకము ఎవరిదో సొమ్ము వారిదిగా నుండెను. మరమగ్గముమీద కూర్చున్న సూరతు పద్మశాలికి ఊరి చెల్కపై ఆ సొమ్ము ముట్టినప్పుడు సంతసింపనివారెవరు? ఐతే ఆ చెల్కను కౌలుకు దున్నువాడు మరియొకడు. పైరు పోయిన నష్టము వానిది. జాబితాలో పేరు సూరతులో నున్న యజమానిది. ఇందు యజమాని తప్పేమియు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2011 చట్టము, 2019 చట్టము కౌలుదారునకు గుర్తింపు పత్రమిచ్చు ఏర్పాటు చేసెను. 2019 చట్టము ప్రకారము ఆ పత్రముపై యజమాని సంతకము చేయవలెను. సంతకము చేసిన భూమి చేజారునేమోనను భయముచే చాలమంది చేయరు. ఇట్లు కౌలుదారు పేరు అనర్హుల జాబితాలో గూడ ఉండదు; అసలు ఏ జాబితాలోను ఉండదు. కావున గోడమీద అంటించవలసినవి రెండు: ఇచ్చినవారి జాబితా, నిరాకరింపబడినవారి జాబితా, కారణముతో సహా. మొదటిది చూచి ఊరు దొంగను పట్టును. రెండవది చూచి అన్యాయమునకు గురియైనవాడు తన సంగతి తాను తెలిసికొనును. ఎన్నడో ఒకచోట మొదటిదియైన కనిపించును. రెండవది కనబడుట లేదు.

పేర్లు బయటపెట్టుట పేదవాని మానమును బయటపెట్టుట కాదా అను ప్రశ్న కలదు. అది త్రోసివేయదగినది కాదు. ఐరోపా సమాఖ్యలో వ్యవసాయ సహాయము పొందినవారందరి పేర్లు ప్రకటింపవలెనని నియమముండగా, జర్మనీలోని హెస్సె రాష్ట్రమునుండి ఒక వ్యవసాయ భాగస్వామ్య సంస్థయు, ఒక రైతును న్యాయస్థానమున కెక్కిరి. ఎంత సొమ్ము, ఎన్ని మారులు అను విచక్షణ లేక వ్యక్తులందరి పేర్లు ప్రకటించుట మితిమీరిన పనియని 2010 నవంబరు 9న ఐరోపా న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2013లో క్రొత్త నియమము వచ్చినది: పేర్లు ప్రకటింపవచ్చును గాని స్వల్ప మొత్తము పొందు చిన్న రైతు పేరు దాచవలెను. అమెరికాలో మరియొక తీరు. వాణిజ్య కలహమువలన నష్టపడిన రైతులకు 2018లో 1,200 కోట్ల డాలర్లు, 2019లో 1,600 కోట్ల డాలర్లు ప్రకటింపగా, ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అను ప్రజాసంస్థ సమాచార చట్టముతో లెక్కలు రాబట్టి, పెద్ద కమతములకే పెద్ద మొత్తములు పోయినవని పేర్లతో సహా చూపెను.

ఐరోపావారి విచక్షణ వారి దేశమునకు తగినదే. అక్కడ చిన్న రైతు పేరు తెలిసికొని ప్రక్కవాడు చేయునదేమియు లేదు. ఇక్కడ అందరును చిన్న రైతులే. స్వల్ప మొత్తములన్నియు దాచినచో జాబితాలో మిగులునది శూన్యము. పైగా పల్లెలో వరద వచ్చిన సంగతి, చేను పోయిన సంగతి దాపరికము కాదు. దానికి సహాయము పుచ్చుకొనుట మానహానియు కాదు. బిచ్చమైనచో సిగ్గుపడవచ్చును. ఇది హక్కు. ఐనను ఒక హద్దు కలదు. పేరు, సర్వే నంబరు, విస్తీర్ణము, పంట, వేసిన నష్టపు వంతు, రావలసిన మొత్తము - ఇవి చాలును. ఆధారు నంబరు, బ్యాంకు ఖాతా, టెలిఫోను నంబరు గోడకెక్కరాదు. అవి ఎక్కిననాడు వాటిని చూచువాడు ప్రక్క చేనివాడు కాదు, దొంగ.

2023లో చేయబడిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము సమాచార హక్కు చట్టపు 8(1)(జె) నిబంధనను సవరించి, అందుండిన ప్రజాప్రయోజన పరీక్షను తొలగించెను. 'ఇది వ్యక్తిగత సమాచారము' అన్న ఒక్క వాక్యముతో లబ్ధిదారుల జాబితాను నిరాకరించు గుమాస్తాలు ఇక మీదట బయలుదేరుదురని భయపడువారు కలరు. ఆ భయము నిరాధారము కాదు. కాదనుటకంటె అవుననుటకు సంతకము సులువు గదా యని ఏ గుమాస్తాయు అనుకొనడు. ఐతే ప్రజాప్రయోజనము మిక్కుటమైనచో సమాచార మీయవచ్చునను 8(2) నిబంధన చెక్కుచెదరలేదు. లబ్ధిదారుల వివరములు ప్రకటింపుమను 4వ సెక్షనును ఆ సవరణ తాకలేదు. ఫైలుమీద వ్రాయువారు ఆ రెండింటిని ఉదాహరించుట నేర్చుకొనవలెను.

మీట నొక్కిన జాబితాలన్నియు తెరమీద కనబడుచుండగా గోడ ఎందుకని యువకులు అడుగుదురు. రాజస్థాన ప్రభుత్వము 2019 సెప్టెంబరు 13న ప్రారంభించిన జన సూచనా పోర్టలు మెచ్చదగినది. ఊరి పేరు, పథకము పేరు చెప్పిన వివరములు వచ్చును. సూరతులో నున్న నేతగానికి ఊరి గోడ కనబడదు, తెర కనబడును. అతనికి తెరయే గోడ. కాని ఊరిలో నున్న అతని తల్లికి తెర కనబడదు. రెండును ఉండవలెను. తెరమీది జాబితాకు ఒక జబ్బు గూడ కలదు: నేడున్నది రేపు మారును, మారిన జాడ ఉండదు. కాగితమునకు తేదీ, ముద్ర, సంతకము ఉండును. పంటల బీమా పథకములను పరీక్షించి కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ 2017లో ఇచ్చిన నివేదిక బీమా చేసిన రైతుల వివరముల పట్టిక కేంద్రముకడ గాని, రాష్ట్రములకడ గాని లేదని ఎత్తిచూపెను. విచారింపబడిన రైతులలో నూటికి 67 మందికి ఆ పథకముల సంగతియే తెలియదు. పట్టికయే లేనిచోట పారదర్శకతను గూర్చి మాటలాడుట పెండ్లికొడుకు లేని ఊరేగింపు వంటిది.

ఇక ఇక్కడివారు చేయగల పని. లింబాయతులో నున్న నేతగానికి ఊరినుండి కబురు వచ్చును: జాబితాలో పేరు లేదు, అభ్యంతరము చెప్పుకొనుటకు కొద్ది దినములే గడువున్నది. రైలెక్కి పోయి వచ్చుసరికి మగ్గముమీద వారము కూలి పోవును, గడువును దాటిపోవును. అతడు దరఖాస్తు వ్రాయజాలడు. ఈ సంఘములోని గుమాస్తాలు, సూపరింటెండెంట్లు, ఇన్‌స్పెక్టర్లు దినమంతయు వ్రాయునవి దరఖాస్తులకు జవాబులే గదా. ఆదివారము నాడొక గంట దరఖాస్తులనే వ్రాసిపెట్టవచ్చును. సమాచార హక్కు దరఖాస్తు ఇంగ్లీషులోనే యుండనక్కరలేదు; ఆ ప్రాంతపు అధికార భాషలో నుండవచ్చును. కావున కరీంనగరు మండల కచేరీకి తెలుగులోనే వ్రాయవచ్చును. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2005లో చేసిన రుసుముల నిబంధనల ప్రకారము గ్రామ స్థాయి కార్యాలయమునకు రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైవానికి 10. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఎచ్చటను రుసుము లేదు. దరఖాస్తులో అడుగవలసినవి నాలుగు: ఫలాని సర్వే నంబరులో పైరు నష్టము నూటికి ఎన్ని వంతులని వ్రాయబడెను, ఏ తేదీన, ఏ హోదాగల ఉద్యోగి చూచి వ్రాసెను, ఆ జాబితా ఏ దినమున, ఏ గోడకు అంటింపబడెను, పేరు చేర్చకుండుటకు ఫైలుమీద వ్రాసిన కారణమేమి. మూడవ ప్రశ్నకు జవాబు వ్రాయునపుడు అక్కడి గుమాస్తా కొంచెము సేపు కలము ఆపును.